పాలిచ్చిన సాయవ్వ

సాయవ్వ పుట్టింట్లో పాల మాటకు కొదవ లేదు. కుర్మోళ్ళ ఇల్లు కదా, గొర్రె పాలు, మేక పాలు, ఏ గొర్రె పిల్లను చేరనిస్తోంది, ఏది తంతోంది, పొద్దంతా ఇదే ముచ్చట. కానీ ఎవరైనా తల్లిపాల మాట ఎత్తారా, సాయవ్వ తల్లి పోచవ్వ లేచి బయటికి పోయేది. ఎందుకు పోతుందో ఆమె ఎన్నడూ చెప్పలేదు. సాయవ్వకు చెప్పింది నాయనమ్మ, అది కూడా పోచవ్వ గొర్రెల వెంట పోయిన పూట.

సాయవ్వకంటే ముందు ఆ ఇంట్లో ఒక మగపిల్లవాడు పుట్టాడు. పేరు మల్లయ్య. వాడు పుట్టిన నెలలోనే ఊరి దొరకూ కొడుకు పుట్టాడు. దొరసానికి పాలు పడలేదు. దొర ఉండే గడి నుంచి మనిషి వచ్చి పోచవ్వను పిలుచుకుపోయాడు. పిలుచుకుపోయాడు అనడం మన మర్యాద. రానంటే ఏమవుతుందో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. గడి వెనక వాకిట్లో, బావి దగ్గర నెత్తిన నీళ్ళు గుమ్మరించి, తడి చీరతోనే గోనెసంచి మీద కూర్చోబెట్టి, బిడ్డను ఒళ్ళో పెట్టేవారు. ముద్దు పెట్టకూడదు. జోల పాడకూడదు. "బిడ్డా" అని అసలే అనకూడదు, "దొరా" అనాలి. పళ్ళయినా రాని పసిగుడ్డు, రొమ్ము నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నవాడు, వాడు దొర! పాలు కావాలి గానీ పాలిచ్చిన మనిషి అక్కర్లేదు. ఈ పద్ధతి పెట్టినవాళ్ళ నోట్లో మన్ను పడ.

పోచవ్వ ఇల్లు చేరేసరికి రొమ్ములు ఎండిపోయి ఉండేవి. మల్లయ్యకు నాయనమ్మే గంజి తాపింది. గంజి మీద పసివాడు ఎన్నాళ్ళు నిలుస్తాడు? వానలు పడకముందే పోయాడు. వాణ్ణి పూడ్చిపెట్టిన మర్నాడు కూడా గడి మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పోచవ్వ లేచి వెళ్ళింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. దొర కొడుక్కి నాలుగేళ్ళు వచ్చాక ఒకనాడు గడిలో చుట్టాలు కూర్చున్నారు. పోచవ్వ ఉన్ని కట్ట దించడానికి వాకిట్లోకి వస్తే, ఆ పిల్లవాడు, దాసీలెవరో చెప్పగా విన్నాడేమో, "అవ్వా" అని తల్లిని పిలిచినట్టే పిలుస్తూ వచ్చి కాళ్ళకు చుట్టుకున్నాడు. దొరసాని ముఖం మాడిపోయింది. చుట్టాలందరి ముందు పోచవ్వతో చెప్పించింది: "నేను నీకు అవ్వను కాను దొరా. నీకు ఎన్నడు పాలియ్యలే." పోచవ్వ చెప్పింది. చెప్పి, ఉన్ని కట్ట దించి, ఇంటికి వచ్చి, వంట చేసింది.

ఇది విన్ననాడు సాయవ్వకు పన్నెండేళ్ళుంటాయి.

పెళ్ళయింది. మొగుడు రాజనర్సు కూడా గొర్లు కాసినవాడే. అప్పటికి ఎడారి దేశాల్లో భూమిలోంచి నూనె ఊరుతోందనీ, ఇసుక దిబ్బల మీద ఊళ్ళు లేస్తున్నాయనీ జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకటే గుసగుస. రాజనర్సుకు ఖతర్ వీసా దొరికింది. ఊరివాళ్ళు మాత్రం దుబాయ్ పోయిండన్నారు. వాళ్ళకు సముద్రం అవతలిదంతా దుబాయే. దోహాలో మేడలు కట్టడానికి పోతున్నాననుకుని విమానం ఎక్కిన రాజనర్సు దోహాకు దూరంగా ఎడారిలో, అల్ షహానియా అనే చోట ఒక పెద్దమనిషి తోటలో దిగాడు. గొర్రెలు, ఒంటెలు, పశువుల గడ్డి మడులు, ఒక పంపు. గొర్రెల దగ్గర్నుంచి పారిపోదామని సముద్రం దాటితే గొర్రెలే ఎదురొచ్చాయని నవ్వుకునేవాడు.

రెండేళ్ళు తిరిగేసరికి యజమాని అబూ జాసిమ్ మనసు పెట్టి సాయవ్వకూ వీసా ఇచ్చాడు. ఆయన భార్య ఉమ్ జాసిమ్, అంటే జాసిమ్ తల్లి, చలికాలమంతా దోహా మేడ వదిలేసి తోటలో గుడారం వేయించుకుని ఉండేది. ఆమెకు వండిపెట్టడానికి ఆడమనిషి కావాలి. బయల్దేరేటప్పుడు పోచవ్వ కూతురికి కట్టిచ్చింది గట్క వండుకోవడానికి కాస్త మక్కపిండి, చెప్పింది ఒక్కటే మాట.

"పెద్దోళ్ల పిల్లగాండ్లను ఎత్తుకోకు."

సాయవ్వ ఎత్తుకోలేదు. ఆమె సొంత బిడ్డ బాలవ్వ దోహా దవాఖానలోనే పుట్టింది. సాయవ్వ నాయనమ్మ పేరు పెట్టుకున్నారు. రేకుల గదిలో చీరతో ఉయ్యాల కట్టి, దాన్ని ఊపుతూ రొట్టెలు కాల్చేది. ఒంటెలను చూసి మొదట్లో హడలిపోయింది గానీ నెల తిరక్కుండానే వాటిని తిట్టడం నేర్చుకుంది, అవి వినడం నేర్చుకున్నాయి. సరుకులు తెచ్చే డ్రైవర్ జలాలుద్దీన్ జగిత్యాల మనిషి. దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో నలుగురితో కలిసి గదిలో ఉంటూ, వారానికోసారి బండి వేసుకుని వచ్చేవాడు. అతను వచ్చి "ఏం వదినె, మంచిగున్నవా" అంటే సాయవ్వకు సగం ఊరు వచ్చినట్టుండేది.

బాలవ్వ పుట్టాక వచ్చిన చలికాలం ఉమ్ జాసిమ్ ఒంటరిగా రాలేదు. చేతుల్లో పసిబిడ్డ. కొడుకు జాసిమ్‌కు పుట్టినవాడు, పేరు నాసర్. వాణ్ణి కన్న కోడలు కాన్పు కష్టమై దవాఖానలో మంచం పట్టింది. దోహా మేడలో ఏడ్చి ఏడ్చి వాడు నీలం తిరుగుతుంటే, తోట గాలికైనా నిదానిస్తాడని ముసలమ్మ తెచ్చింది. డబ్బా పాలు ఎన్ని రకాలు తెచ్చారో లెక్కలేదు. తాగిందల్లా కక్కేవాడు. ఒంటె పాలు పలచన చేసి పోశారు, అదీ కక్కాడు. ఏడుపు కూడా సన్నబడిపోయింది. గొర్రె పిల్లలను చూసినదానికి ఆ సన్నని ఏడుపు ఎక్కడికి దారి తీస్తుందో చెప్పాలా? సాయవ్వకు తెలుసు.

చెవులు మూసుకుంది. గిన్నెలు గట్టిగా తోమింది. పంపు దగ్గరికి పోయి ఆ మోతలో నిలబడింది. కానీ ఒంటికి గడీ తెలియదు, దొరా తెలియదు. అవతల పసివాడు ఏడిస్తే ఇవతల ఆమె రవిక తడిసిపోయేది. ఒక మధ్యాహ్నం ముసలమ్మ నమాజుకు గుడారం వెనక్కి పోయింది. వాడు మూలుగుతున్నాడు. సాయవ్వ రొట్టెల పిండి చేతులతోనే వెళ్ళి వాణ్ణి ఎత్తుకుంది. ఎత్తుకున్నాక ఇంకేముంది? అడుసులో కాలు పెట్టేసింది. వాడు రొమ్ము పట్టుకున్న పట్టుకు ఆమెకు కళ్ళు తిరిగాయి.

"తాగు దొరా," అంది.

అని, తన నోట వచ్చిన మాటకు తనే నిలువునా అదిరిపోయింది. ఎవరు నేర్పారు ఆమెకు ఆ మాట? ఎవరూ నేర్పలేదు. తల్లి నోట్లోంచి ఊడి పడ్డట్టు వచ్చింది.

అప్పటినుంచి ముసలమ్మ నమాజుకు పోయినప్పుడల్లా అదే పని. ఒక్క కట్టుబాటు మాత్రం పెట్టుకుంది. ముందు బాలవ్వ తాగాలి. బాలవ్వ కడుపు నిండి, మూతి తిప్పుకుని, చాలన్నాకే వాడి వంతు. ఈ విషయంలో సాయవ్వ ఎంత మొండిగా ఉండేదంటే, అవతల వాడు గుక్కపట్టినా సరే, బాలవ్వ విడిచేదాకా లేచేది కాదు. నాసర్ బుగ్గలు నిండాయి. ఉమ్ జాసిమ్ కొత్త పాల డబ్బాను మెచ్చుకుంటూ దానికేసి "మాషా అల్లా" అనేది. సాయవ్వ తల వంచుకుని కూర కలిపేది. రాజనర్సుకు కూడా చెప్పలేదు. చెబితే అతనికి ఆ పూటే జ్వరం వస్తుందని తెలుసు.

గుట్టు ఎంతకాలం నిలుస్తుంది? ఒకరోజు వాడికి పాలిస్తూ తలెత్తితే గుడారం తెర దగ్గర ఉమ్ జాసిమ్ నిలబడి ఉంది. ఆ వయసు ఆడవాళ్ళు ముఖానికి పెట్టుకునే గట్టి నల్ల ముసుగులోంచి రెండు కళ్ళే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు తిట్టలేదు, కొట్టలేదు. కాసేపు చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. ముసలమ్మ బయట జలాలుద్దీన్‌తో ఏదో అనడం, వెంటనే బండి దుమ్ము లేపుకుంటూ దోహా దారి పట్టడం వినిపించింది.

సాయవ్వ గడ్డి మడిలో ఉన్న మొగుడి దగ్గరికి పరిగెత్తి, జరిగింది చెప్పింది. రాజనర్సు చేతిలో కొడవలి కింద పడిపోయింది.

"కొంప ముంచినవు కదనే," అన్నాడు. "గాళ్ల రక్తమేంది, మన పాలేంది! ఊళ్లెనే ఊకోరు, ఈడ ఊకుంటరా? జైల్లెస్తరే. బిడ్డనేం జేస్తరో."

"పోరడు సచ్చిపోతుండె," అంది సాయవ్వ.

"సస్తే ఆళ్లోడు సస్తడు. మనకేంది?" అనేశాడు రాజనర్సు. అని, తన మాటకు తనే సిగ్గుపడి కొడవలి వెతుక్కున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. భయం మనిషి చేత ఎన్నో అనిపిస్తుంది.

ఇద్దరూ మూట కట్టుకున్నారు. కట్టడానికి ఎంతసేపు? నాలుగు బట్టలు, బాలవ్వ ఉయ్యాల చీర. సాయంత్రం ఎండ వాలుతుండగా మూడు బండ్లు వచ్చాయి. ఒకదాంట్లో అబూ జాసిమ్, ఒకదాంట్లో కొడుకు జాసిమ్, మూడోదాంట్లో తెల్లగడ్డం మసీదు పెద్ద. మసీదు పెద్దను చూసేసరికి రాజనర్సుకు పైప్రాణాలు పైనే పోయాయి. శిక్ష చెప్పడానికి తప్ప ఆయనకు ఇక్కడేం పని?

గుడారంలోకి పిలిచారు. సాయవ్వ ఎప్పుడూ తుడిచి దులిపే తివాచీయే అది, ఎన్నడూ కాలు పెట్టి నిలబడలేదు. అంచు దగ్గరే ఆగిపోయింది. చంకలో బాలవ్వ. పక్కన రాజనర్సు చేతులు కట్టుకుని, అచ్చం గడి ముందు నిలబడ్డట్టే. అటు మూలన ఉమ్ జాసిమ్ ఒళ్ళో నాసర్‌ను పెట్టుకుని కూర్చుంది. జలాలుద్దీన్ మధ్యలో నిలబడ్డాడు.

మసీదు పెద్ద ఏదో అడిగాడు. జలాలుద్దీన్ తెలుగులో అన్నాడు: "వదినె, పిల్లగానికి పాలిచ్చినవా?"

"ఇచ్చిన."

"ఎన్నిసార్లు ఇచ్చినవో చెప్పుమంటున్నరు. కడుపునిండ తాగిండా, ఊకె నోట్లె పెట్టుకొని ఇడిసిండా? సోంచాయించి చెప్పు."

సాయవ్వకు అర్థమైంది. అంటే, అర్థమైందనుకుంది. నేరం ఎంత పెద్దదో కొలుస్తున్నారు. ఎన్నిసార్లయితే అన్ని దెబ్బలు. పక్కన రాజనర్సు పళ్ళ సందున "ఒక్కపారి అను, ఒక్కపారే అను" అంటున్నాడు.

"ఒక్కపారే," అంది. "గది గూడ చుక్కంత. కడుపేం నిండలే. నాకు గా పిల్లగానికి ఏం సంబంధం లేదు సార్."

అన్నాక చెవుల్లో ఏదో గింగురుమంది. నీకు ఎన్నడు పాలియ్యలే దొరా. ఇంచుమించు అదే మాట. ఇదీ నలుగురి ముందే.

జలాలుద్దీన్ అరబ్బీలో చెప్పాడు. మసీదు పెద్ద గడ్డం నిమురుకుని, అబూ జాసిమ్‌తో రెండు మాటలన్నాడు. అబూ జాసిమ్ తలూపాడు. జాసిమ్ లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు. "ఒక్కపారైతే లెక్కల రాదంటున్నరు. అయిపోయింది, మీరు పని చూసుకోండ్రి," అన్నాడు జలాలుద్దీన్. జైలు లేదు, పోలీసు లేదు, వీసా పోలేదు. రాజనర్సు సాయవ్వ భుజం పట్టి బయటికి లాగాడు.

అప్పుడు ఉమ్ జాసిమ్ మాట్లాడింది. మగవాళ్ళ మధ్యలో అప్పటిదాకా నోరు విప్పని మనిషి. గొంతు పెద్దది కాదు. మసీదు పెద్దతో కాదు, మొగుడితో కాదు, నేరుగా సాయవ్వతోనే, ఆమె చంకలోని బాలవ్వకేసి చూపిస్తూ ఏదో అంది. జలాలుద్దీన్ తెలుగులో చెప్పాడు.

"వదినె, అమ్మ అడుగుతున్నది. వీనికి తాపినంక, నీ బిడ్డకు మిగిలినయా అని."

సాయవ్వ వెనక్కి తిరిగింది. తప్పు విన్నాననుకుంది.

"ఏమన్నవ్ జలాలన్నా?"

"నీ బిడ్డకు పాలు మిగిలినయా అంటున్నది. నీ బిడ్డ ఆకలితోని పడుకున్నదా అని అడుగుతున్నది."

ఇది ఒక ప్రశ్నేనా అంటే ప్రశ్నే. రెండు ముక్కలు. గడిలో ఏడాది పొడుగునా పోచవ్వను కూర్చోబెట్టుకుని పిండుకున్నారే, అంతమంది దొరలు, దొరసానులు, దాసీలు, చుట్టాలు, వాళ్ళలో ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి ఈ రెండు ముక్కలు నోట రాలేదు. మల్లయ్యను పూడ్చిన మర్నాడు కూడా రాలేదు. సాయవ్వ మొగుడి చెయ్యి విడిపించుకుని ముందుకు వచ్చింది. తివాచీ మీద, నట్టనడుమ, అట్లాగే కూలబడింది.

"ముందుగాల నా బిడ్డకే తాపిన," అంది. అంటూ ఉంటే ఏడుపు ముంచుకొచ్చింది. "బాల చాలన్నంకనే మీ పిల్లగానికి. మా అవ్వ లెక్క చెయ్యలే నేను. రోజు తాపిన. దినాం తాపిన. కడుపునిండ తాపిన, వాడు నిద్రవొయ్యేదాంక తాపిన. ఒక్కపారి అన్నది అబద్ధం. ఇగ నన్నేం జేస్తరో చేసుకోండ్రి."

రాజనర్సు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

జలాలుద్దీన్ అదంతా అరబ్బీలో చెప్పాడు. మసీదు పెద్ద ఉమ్ జాసిమ్‌ను ఏదో అడిగాడు. ఆమె తలూపుతూ, తనే చూశానన్నట్టు కళ్ళను చూపించింది. తర్వాత అబూ జాసిమ్ లేచాడు. ఆరడుగుల మనిషి, తెల్లటి అంగీ, నేరుగా రాజనర్సు మీదికి వచ్చాడు. రాజనర్సు కళ్ళు గట్టిగా మూసుకుని చెంప ముందుకు పెట్టాడు. దెబ్బ పడలేదు. అబూ జాసిమ్ అతన్ని రెండు భుజాలు పట్టుకుని, ముక్కుకు ముక్కు తాకించి పలకరించాడు, వాళ్ళలో సమానుడైన మనిషిని పలకరించినట్టు. రాజనర్సు కళ్ళు తెరిచి, ఎటు చూడాలో తెలియక జలాలుద్దీన్‌కేసి చూశాడు.

"అన్నా, భయపడకు," అన్నాడు జలాలుద్దీన్. అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. "మాలో అయిదుసార్లు కడుపునిండ పాలిస్తే తల్లి. తల్లి లెక్క కాదు, తల్లే. బాలవ్వ వానికి అక్క. రేపు వీడు పెద్దోడైనా ఆ పిల్లను చేసుకోరాదు, తోడబుట్టినోళ్ల తీరు. నువ్వు గూడ వానికి తండ్రివే. అమ్మకు మొదటినుంచి ఎరుకేనట. మొదటి దినమే చూసిందట వదినెను. అయిదుసార్లు దాటేదాంక కావాల్నని దూరంగ ఉన్నదట. నడుమల ఎవలన్న ఆపుతరేమోనని."

"నేనా? తండ్రినా?" అన్నాడు రాజనర్సు. కూర్చోవడానికి చోటు వెతుక్కుని, కనబడక, తివాచీ అంచున చతికిలబడ్డాడు.

సాయవ్వకు ఆ మాటలేవీ తలకెక్కడం లేదు. ఉమ్ జాసిమ్ లేచి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. నాసర్‌ను సాయవ్వ ఒళ్ళో పెట్టి, ఆమె చంకలోంచి బాలవ్వను తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బాలవ్వ ఆ నల్ల ముసుగును పట్టి లాగింది. ముసలమ్మ లాగనిచ్చింది.

అయితే ఆ రోజునుంచి సాయవ్వ రాణి అయిపోయిందనుకునేరు. అదేం లేదు. రొట్టెలు రొట్టెలే, ఒంటెల పేడ ఒంటెల పేడే. జీతం ఎప్పుడో గానీ పెరగలేదు. కాకపోతే పండుగ రోజు అన్నం పళ్ళెం ముందు ఉమ్ జాసిమ్ పక్కన ఆమెకు చోటుండేది. జాసిమ్ ఆమె ముందు సిగరెట్టు కాల్చేవాడు కాదు. కోడలు కోలుకుని వచ్చి, సాయవ్వ చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నాసర్‌కు మాటలొచ్చాక కన్నతల్లినీ సాయవ్వనూ ఒకే మాటతో పిలిచేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా సాయవ్వ చుట్టూ చూసుకునేది, ఎవరైనా వచ్చి కాదని చెప్పిస్తారేమోనని. ఎవరూ వచ్చేవారు కాదు.

బాలవ్వ పరుగులు నేర్చాక సెలవు దొరికింది. ఊరికి వచ్చిన సాయవ్వ, చుట్టాలంతా పోయాక, తల్లి పక్కన అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పింది. పాల మాట రాగానే పోచవ్వ లేవబోయింది. సాయవ్వ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గుడారం, తెల్లగడ్డం ఆయన, తను చెప్పిన అబద్ధం, ముసలమ్మ మాట, అన్నీ చెప్పింది. పోచవ్వ నోరు తెరుచుకుని వింది. తండ్రి అయిన రాజనర్సు గురించి చెబితే నవ్వలేదు. పిల్లవాడు అమ్మా అంటాడని చెబితే దాన్నీ దాటేసింది.

"ఆ ముసలామె ఏమన్నదంటివి?" అంది.

"నీ బిడ్డకు మిగిలినయా అన్నదవ్వా."

పోచవ్వ వాకిట్లోకి చూస్తూ కూర్చుంది. మళ్ళీ అడిగింది.

"అంత పెద్దింటామె, అట్ల అడిగిందా? అందరి ముంగట?"

"అడిగింది."

"ఏమని?"

"నీ బిడ్డకు మిగిలినయా అని."

పోచవ్వ కొంగు తీసి ముఖం తుడుచుకుంది. ముప్పయ్యేళ్ళు దాటింది మల్లయ్య పోయి. ఆ మాట తననే అడిగినట్టు, అడిగిన మనిషి ఎదురుగా కూర్చున్నట్టు, నెమ్మదిగా బదులు చెప్పింది.

"మిగల్లే అవ్వా," అంది. "నా బిడ్డకు మిగల్లే."